కోపం, మొహమాటం, టెన్షన్: పనిచోటా ఇంట్లోనూ మనసు సంగతి (తరచుగా అడిగే ప్రశ్నలు)

విజయవాడ, గుంటూరుల్లో షాపుల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, యార్డుల్లో పనిచేసేవాళ్లతో ఎమోషనల్ ఇంటెలిజెన్స్ (మన భావాల్నీ ఎదుటివాళ్ల భావాల్నీ గుర్తించి నడుచుకునే నేర్పు) విషయం ఎత్తినప్పుడల్లా ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటాయి. కొన్నింటికి రెండు ముక్కలు చాలు, కొన్నింటికి చాలవు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటే కోపం రాకుండా ఉండటమా?

కాదు. కోపం అందరికీ వస్తుంది, కొందరిలో కనపడదు అంతే. ఈ భావనని 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వ్యాసంలో నిర్వచించారు. తర్వాత దాన్ని నాలుగు పనులుగా విడదీశారు. మనలోనూ ఎదుటివాళ్లలోనూ ఏ భావం ఉందో పసిగట్టడం, దాన్ని ఆలోచనకి వాడుకోవడం, అది ఎందుకొచ్చిందో ఎటు పోతుందో అర్థం చేసుకోవడం, ఆ తర్వాత అదుపు చేసుకోవడం. అంటే అదుపు వరసలో నాలుగోది. మన దగ్గర జరిగే ట్రైనింగుల్లో చాలావరకు మొదటి మూడూ వదిలేసి 'ప్రశాంతంగా ఉండండి' దగ్గరే మొదలవుతాయి. తనకి వచ్చింది కోపమో భయమో తెలియని మనిషి దేన్ని అదుపు చేస్తాడు?

ఇది మంచితనం అనుకోవడం కూడా పొరపాటే. ఎదుటివాళ్ల మనసు చక్కగా చదవగలిగేవాళ్లలో మోసగాళ్లూ ఉంటారు. గొలుసుకట్టు స్కీముల్లో చేర్పించేవాళ్లని గమనించండి. మీ ఇంట్లో పెళ్లీడుకొచ్చిన పిల్ల ఉందనీ, ఆ దిగులు మీకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వడం లేదనీ పది నిమిషాల్లో పట్టేస్తారు. ఇదొక నేర్పు. దేనికి వాడతారన్నది మనిషిని బట్టి ఉంటుంది.

విజయానికి 20 శాతం ఐక్యూ, 80 శాతం ఈక్యూ కారణం అంటారు. నిజమేనా?

కాదు. ఐక్యూ అంటే తెలివితేటల కొలత, ఈక్యూ అంటే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ కొలత. 1995లో ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌ని జనంలోకి తీసుకెళ్లిన రచయిత డేనియల్ గోల్‌మన్ అన్నది, జీవితంలో పైకి రావడానికి ఐక్యూ వాటా మహా అయితే 20 శాతం అని మాత్రమే. మిగతా దాంట్లో పుట్టిన ఇల్లు, చేతిలో డబ్బు, అదృష్టం అన్నీ ఉన్నాయి. ఆ మొత్తాన్నీ ఈక్యూ ఖాతాలో జమ చేసింది ఫ్లెక్సీలు కొట్టించేవాళ్లు. ఆటోనగర్‌లో మెకానిక్‌కి ముందు ఇంజన్ తెలియాలి. లారీ ఓనరు గుండె దడ తెలిసి ఇంజన్ తెలియకపోతే బండి కదలదు. పని వచ్చిన ఇద్దరిలో ఎవరి దగ్గరికి జనం మళ్లీ వెళ్తారు అన్నచోట ఈ రెండో నేర్పు పనికొస్తుంది.

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ దుకాణంలో గుమస్తాని. సీజన్లో రోజూ ఎవరో ఒకరితో గొడవే. కోపం వచ్చిన ఆ క్షణంలో ఏం చేయాలి?

ఇది వివరంగానే చెప్పాలి. ఎందుకంటే మీరు చెప్పిన చోటు కంటే కష్టమైన చోటు దొరకదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండ, ఘాటుకి తుమ్ములు, చుట్టూ టిక్కీల (మిర్చి బస్తాల) గుట్టలు, బస్తాలు మోసే ముఠా వాళ్ల కేకలు. రాత్రంతా లారీలో సరుకు మీద కూర్చుని వచ్చిన రైతు ఎదురుగా నిలబడి, 'నిన్న పక్క దుకాణంలో తేజ రకానికి అంత పలికింది, నాకెందుకు ఇంతే?' అంటాడు. అతనికి నిద్ర లేదు. కౌలు, పురుగుమందుల అప్పు, కోత కూలీలు అన్నీ ఆ ఒక్క అంకెలోంచే తీరాలి. ఆ అంకె పెట్టింది మీరు కాదు, కానీ దొరికింది మీరు.

మొదట కోపం మాటలోకి రాదు, ఒంట్లోకి వస్తుంది. చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుసుకుంటుంది, గొంతు పైకి లేస్తుంది. మీకు వీటిలో ఏది ముందు వస్తుందో తెలిసి ఉండాలి. అది వచ్చిందని గమనించగానే ఊపిరి పీల్చిన దానికంటే నెమ్మదిగా వదలండి, ఓ నాలుగైదు సార్లు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. లెక్కపుస్తకం తిరగేస్తున్నట్టు చేస్తే ఎవరికీ తెలియదు కూడా.

రెండోది, లోపల ఏముందో మీకు మీరే చెప్పుకోండి. 'నాకు కోపంగా ఉంది' అనో, 'నలుగురి ముందూ దొంగ అన్నాడని నామోషీగా ఉంది' అనో. ఈ రెండూ ఒకటి కావు, వాటికి మందూ ఒకటి కాదు. కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు స్కాన్ల ప్రయోగంలో, కోపపు మొహాల బొమ్మలు చూసి ఆ భావం ఏదో మాటల్లో గుర్తించినప్పుడు భయానికి, ఉద్రేకానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగంలో చురుకుదనం తగ్గింది.

మూడోది బయటికి అనే మాట. 'రేటు నా చేతిలో లేదు' అని మొదలుపెడితే గొడవ పెరుగుతుంది. నిజమే అయినా అది మిమ్మల్ని మీరు కాపాడుకునే మాట. దానికంటే, 'రాత్రంతా లారీలో వచ్చావు బాబాయ్, ఈ రేటు వింటే ఎవరికైనా మండుద్ది. రా, టిక్కీ విప్పి తాలు ఎంతుందో, తేమ ఎంతుందో ఇద్దరం చూద్దాం' అనండి. రేటు పైసా పెరగదు. కానీ ఇప్పటిదాకా మీ ఇద్దరి మధ్య ఉన్న తగువు ఇద్దరూ కలిసి చూస్తున్న కాయ మీదకి మళ్లుతుంది. అన్నిసార్లూ పనిచేస్తుందని చెప్పను. తాగి వచ్చినవాడితోనూ, చెయ్యెత్తినవాడితోనూ ఈ మాటలేవీ వద్దు. పక్కకి జరిగి పెద్ద గుమస్తానో ఓనర్నో పిలవండి.

నాలుగు అరిచేస్తే తేలికైపోతుంది కదా?

అనిపిస్తుంది, కానీ కాదు. కోపం మీద జరిగిన 154 అధ్యయనాలని ఒకచోట చేర్చి అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2024లో పరిశీలించారు. ఒంట్లో వేడి పెంచే పనులు కోపాన్ని తగ్గించలేదు, చివరికి పరుగు కూడా. నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం, ఒంటిని వదులు చేసుకోవడం లాంటివే తగ్గించాయి. పరుగు ఆరోగ్యానికి మంచిదే, మానొద్దు. కోపం మందుగా మాత్రం లెక్కేసుకోవద్దు.

నేను అస్సలు బయటపడను. అంతా లోపలే దాచుకుంటాను. అది మంచిదేగా?

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మనకి చిన్నప్పటి నుంచీ నేర్పారు కాబట్టి అలా అనిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి దీన్నే పరిశీలించారు. మొహం మీద కనపడనివ్వకుండా బిగపట్టుకుంటే బయటికి కనపడటం తగ్గుతుంది గానీ లోపల బాధ తగ్గదు. పైగా ఆ సమయంలో ఎదుటివాళ్లు ఏం చెప్పారో సరిగ్గా గుర్తుండదు. బిగపట్టే పనికే బుర్ర సగం ఖర్చయిపోతుంది. ఆయన బృందమే 2003లో ఇంకో విషయం బయటపెట్టింది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు భావాలు దాచుకుంటుంటే, ఆ సంగతి తెలియని రెండోవాళ్లకి బీపీ పెరిగింది. ఇంట్లో 'ఏమైంది?' అంటే 'ఏం లేదు' అని కంచం ముందు కూర్చునేవాళ్ల ఎదురుగా ఎప్పుడైనా అన్నం తిన్నారా? ఆ అన్నం ఎలా దిగుతుందో తెలిసినవాళ్లకి ఈ ప్రయోగం అక్కర్లేదు.

దానికి బదులు, కోపం గట్టిపడక ముందే జరిగినదాన్ని ఇంకో వైపు నుంచి చూడటం మేలని ఆయన పరిశోధనలు చెబుతాయి. పొద్దున మేనేజర్‌కి నమస్కారం పెడితే చూడకుండా వెళ్లిపోయాడు. 'నన్ను లెక్క చేయడు' అన్నది ఒక అర్థం. 'చెవి దగ్గర ఫోనుంది, అవతల హెడ్డాఫీసు ఉంది' అన్నది ఇంకో అర్థం. ఏది నిజమో తెలిసేదాకా రెండోదానికీ చోటివ్వండి. అయితే నెలనెలా జీతం ఎగ్గొడుతున్నవాడి విషయంలో ఇలా సర్దిచెప్పుకోవద్దు. అక్కడ మీ కోపం సరైన సమాచారమే ఇస్తోంది.

బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేస్తాను. కస్టమర్లు ఏమన్నా నవ్వుతూనే ఉండాలి. రాత్రికి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. నాకేమైనా లోపమా?

మీలో లోపం లేదు. మీరు చేస్తున్న ఈ నవ్వు కూడా పనే. అమెరికన్ సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది గురించి రాస్తూ దీనికి భావాల చాకిరీ అనే అర్థంలో ఒక పేరు పెట్టారు. చీరలు గుట్టగా విప్పించి, భుజం మీద వేయించుకుని అద్దంలో చూసుకుని, 'ఏమీ బాగోలేదమ్మాయ్, పక్క షాపులో చూస్తాం' అని వెళ్లిపోతే, ఆ గుట్టంతా ముడత పడకుండా మళ్లీ మడిచేటప్పుడు కూడా మీ మొహాన నవ్వుండాలి. చేతుల పనికి జీతం ఉంది, ఆ నవ్వుకి లేదు.

పెదాల మీద మాత్రమే నవ్వు పులుముకుని ఉండటం ఎక్కువ అలసట తెస్తుందని తర్వాత వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. ఎదురుగా ఉన్నావిడ ఏ హడావుడిలో ఉందో ఆలోచించగలిగితే భారం కొంత తగ్గుతుంది. పెళ్లి నాలుగు రోజుల్లో ఉంటుంది, వెనక ఆడపడుచు ఉంటుంది, బడ్జెట్ దాటిపోతుంటుంది. ఇది ఆవిడ మీద దయతో చేసేది కాదు, మీ ఒళ్లు కాపాడుకోవడానికి చేసేది.

మిగతా భారం తగ్గించాల్సింది మీరు కాదు, ఓనరు. మధ్యలో పది నిమిషాలు ఎవరికీ నవ్వక్కర్లేకుండా కూర్చునే చోటు, ఒక స్టూలు, కస్టమర్ హద్దు మీరితే 'ఆ అమ్మాయిని అలా అనకండి మేడమ్' అనే సూపర్‌వైజరు కావాలి. షాపుల్లో సిబ్బందికి కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టమే చేయాల్సి వచ్చిందంటే ఆ స్టూలు ఎంత దూరంలో ఉందో అర్థం చేసుకోండి.

బాస్ అందరి ముందూ అరిచాడు. తిరిగి ఏమైనా అంటే ఉద్యోగం పోతుందేమోనని భయం. ఎలా మాట్లాడాలి?

ఆ క్షణంలో ఏమీ అనక్కర్లేదు. 'సరే సార్, చూస్తాను' చాలు. మర్నాడు పొద్దున, జనం రాకముందు, ఆయన టీ తాగి స్థిమితంగా ఉన్నప్పుడు లోపలికి వెళ్లండి. మాట ఇలా ఉండొచ్చు: 'సార్, ఐదు నిమిషాలు కావాలి. నిన్న స్టాక్ లెక్కలో తేడా వచ్చిన మాట నిజమే, సరిచేసి మీ టేబుల్ మీద పెట్టాను. కానీ కుర్రాళ్లందరి ముందూ అలా అనేసరికి సాయంత్రం దాకా నాకు పని సాగలేదు సార్. ఏదైనా ఉంటే లోపలికి పిలిచి చెప్పండి, వింటాను.'

ఇందులో 'మీరెప్పుడూ ఇంతే' అన్న మాట లేదు. ఏం జరిగింది, దానివల్ల మీకేమైంది, ఇకపై ఏం కావాలి, అంతే ఉంది. పక్కనున్న కొలీగ్ గోడు కూడా కలిపి చెప్పకండి. 'మా అందరికీ ఇదే బాధ సార్' అన్నారంటే ఆయనకి ముఠా కట్టినట్టు వినపడుతుంది.

కొందరు బాసులు మారతారు, కొందరు మారరు. మారకపోతే ఎప్పుడు ఏమన్నాడో తేదీతో రాసుకుంటూ వేరే చోటు వెతుక్కోవడం పిరికితనం కాదు. ఆ అరుపుల్లో ఆడవాళ్లని లైంగికంగా కించపరిచే మాటలుంటే అది ఇక ఎమోషనల్ ఇంటెలిజెన్స్ సంగతి కానే కాదు. పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అంతకంటే చిన్న చోటైతే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి.

నేనే ఓనర్ని. అరవకపోతే షాపులో పనిచేసే పిల్లలు మాట వింటారా?

మీరు ఎదురుగా ఉన్నంతసేపు వింటారు. ఆ తర్వాత తప్పులు మీ దాకా రానివ్వరు. అమెరికాలో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆస్పత్రి బృందాలని పరిశీలిస్తే, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం వల్ల కాదు, చేసినవి భయపడకుండా చెప్పడం వల్ల. మీ షాపులో ఆర్నెల్లుగా ఏ తప్పూ మీ చెవిన పడకపోతే సంతోషించకండి.

ఎవరేం అడిగినా కాదనలేను. మొహమాటం. ఎలా తగ్గించుకోవాలి?

మన ఊళ్లలో మనసుకి సంబంధించిన సమస్యల్లో జేబుకి అన్నిటికంటే ఎక్కువ చిల్లు పెట్టేది ఇదేనని నా అభిప్రాయం. ఆదివారం డ్యూటీకి సరే అనడం చిన్న విషయం. చిట్టీ పాడుకున్న తోడల్లుడికో, బ్యాంకు లోను తీసుకుంటున్న కొలీగ్‌కో షూరిటీ సంతకం పెట్టడం చిన్న విషయం కాదు. 'జస్ట్ సంతకమే బావా, ఫార్మాలిటీ' అంటారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప, హామీ ఇచ్చినవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అంటే అతను కట్టకపోతే ముందు అతని ఆస్తి జప్తు చేసి మిగిలితేనే మీ దగ్గరకి రావాలన్న నియమం లేదు. నేరుగా మీ జీతం దగ్గరికే రావచ్చు.

అడిగిన వెంటనే జవాబివ్వకపోవడం మొదటి మెట్టు. మొహమాటం ఎదురుగా మనిషి ఉన్నప్పుడే పనిచేస్తుంది, మనిషి వెళ్లిపోయాక దాని బలం సగానికి పడిపోతుంది. 'ఇంట్లో ఒక మాట అనుకుని రేపు చెబుతాను అన్నయ్యా' అనండి. రేపు చెప్పేటప్పుడు కారణాల చిట్టా విప్పకండి. ఒక్కో కారణానికీ అవతలివాళ్ల దగ్గర ఒక్కో విరుగుడు ఉంటుంది. 'షూరిటీలు పెట్టకూడదని మేమిద్దరం అనుకున్నాం అన్నయ్యా. నీ మీద నమ్మకం లేక కాదు, ఎవరికీ పెట్టడం లేదు' చాలు. అతను రెండోసారి అడిగితే అదే వాక్యం మళ్లీ చెప్పండి. కొత్త వాక్యం వెతికారంటే దొరికిపోయారన్నమాట.

కాస్త అలుగుతారు. నాలుగు నెలలు ఫంక్షన్లలో మొహం తిప్పుకుంటారు. ఆ ఇబ్బంది నిజమే, దాన్ని లేదనడం నాకిష్టం లేదు. కోర్టు నోటీసు పక్కన పెట్టి చూస్తే మాత్రం చవకే.

ఆఫీసు చిరాకంతా ఇంటికి తెచ్చి పిల్లల మీద చూపిస్తున్నాను. ఏం చేయను?

అత్త మీద కోపం దుత్త మీద చూపడం అని ఊరికే అనలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం అరగంట హారన్ల మధ్య నిలబడి వచ్చినవాడు గుమ్మంలో చెప్పులు చిందరవందరగా చూస్తే ఏమవుతుందో తెలిసిందే. ఇంటి సందు మొదట్లోనే బండి ఆపి రెండు నిమిషాలు కూర్చోండి. లోపలికి రాగానే ఇంట్లోవాళ్లకి చెప్పేయండి: 'ఇవాళ బుర్ర వేడిగా ఉంది, స్నానం చేసి వస్తా, అప్పటిదాకా ఏమీ అడగొద్దు.' పిల్లలకి ఇది చాలా మేలు. లేకపోతే నాన్న కోపానికి కారణం తామే అనుకుంటారు. అరిచేసి ఉంటే, 'నీ తప్పేం లేదురా, ఆఫీసు చిరాకు నీ మీద చూపించా' అని చెప్పడానికి నామోషీ పడకండి.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రోజూ గొడవలు. గ్రూపులోంచి వచ్చేస్తే మర్యాద కాదంటారు.

మ్యూట్ చేయండి. రాత్రి పదకొండు తర్వాత దేనికీ జవాబివ్వొద్దు. గొంతు వినపడని చోట వెటకారమూ సరదా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, నొచ్చుకున్న మాట ఏదైనా ఉంటే ఆ మనిషికి ఫోన్ చేసి తేల్చుకోండి.

మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్ చేస్తే 'ఊ', 'ఆ' తప్ప మాట్లాడడు. ఎలా తెలుసుకోవాలి?

వాడికి ఫోన్ దొరికేది వారానికి కాసేపు. వెనక లైన్లో ఇంకో పదిమంది ఉంటారు. అందులో మీ మొదటి ప్రశ్న 'వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది?' అయితే మిగతా టైమంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. మార్కులు ఎలాగూ మీ ఫోనుకి మెసేజ్ వస్తాయి. కాబట్టి వాడు తప్ప ఇంకెవరూ చెప్పలేనివి అడగండి. 'ఈ వారం మెస్‌లో ఏం పెట్టారు? పక్క మంచం వాడు ఇంటికెళ్లాడా? రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావ్?' అని. ఇవి పనికిరాని ప్రశ్నల్లా ఉంటాయి గానీ, తిండి, నిద్ర, స్నేహం ఈ మూడింటిలో ఏది తగ్గినా ముందు తెలిసేది ఇక్కడే.

'నాన్నా, ఇక్కడ ఉండలేను' అని ఎప్పుడైనా అన్నాడనుకోండి. మన నోటికి తయారుగా ఉండే జవాబు, 'అంత ఫీజు కట్టాం, ఇంకో ఏడాది ఓర్చుకో' అని. అది అనేసరికి వాడు ఇంకోసారి ఆ మాట ఎత్తడు. మీరు సర్దుకున్నాడనుకుంటారు. 'ఏం జరిగిందో చెప్పు, నేను తిట్టను' అని ఆగండి. వాడు ఏడ్చినా మధ్యలో మాట్లాడకండి. ఆ ఆదివారం వెళ్లండి. ఔటింగ్‌కి తీసుకెళ్లి బిర్యానీ తినిపించి, కృష్ణ ఒడ్డున కాసేపు నడిపించండి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నోరు విప్పని మగపిల్లలు పక్కపక్కన నడుస్తున్నప్పుడు విప్పుతారు.

చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఏ రూపంలో వచ్చినా, 'నేను లేకపోతే మీకు ఖర్చు తప్పుతుంది' లాంటిదైనా సరే, పరీక్షలయ్యాక చూద్దాం అనొద్దు. అదే రోజు వెళ్లి తెచ్చుకుని డాక్టర్‌కి చూపించండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది.

2024 వరదలో మా ఇల్లు మునిగింది. ఇప్పటికీ గట్టి వాన పడితే గుండె దడ. ఇది మామూలేనా?

మామూలే. ఆ సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీల్ని ముంచేసి, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చిన రోజుల్లో మేడల మీద పాల ప్యాకెట్ల కోసం చూసినవాళ్లు ఇప్పటికీ మబ్బు పట్టగానే బండి పై వీధిలో పెట్టి వస్తారు. అది పిరికితనం కాదు, ఒంటికి గుర్తుండిపోయింది. కాగితాలు పై అరలో పెట్టుకోవడం, బండి ఎక్కడ పెట్టాలో ముందే అనుకోవడం లాంటి చేతికి అందే పనులు దడని తగ్గిస్తాయి. అయితే ఆ రోజులు కలల్లోకి రావడం, వాన లేని రోజున కూడా ఉలిక్కిపడటం, ఆ వీధివైపే వెళ్లలేకపోవడం ఇన్నాళ్ల తర్వాతా ఉంటే సైకియాట్రిస్టుకి చెప్పండి. దానికి మంచి చికిత్స ఉంది.

నిద్ర, ఎండ, టీ... వీటికీ మూడ్‌కీ నిజంగా సంబంధం ఉందా?

చాలా ఉంది. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. తాగిన టీ, కాఫీల్లోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదారు గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం ఆరింటి స్ట్రాంగ్ టీ రాత్రి పన్నెండు దాకా మీతోనే ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి పెట్టుకున్న మీటింగులో జరిగే గొడవల్లో సగం ఎండ చేయించేవే. ముఖ్యమైన మాట ఏదైనా ఉంటే పదింటిలోపు కానిచ్చేయండి.

బర్నవుట్ అంటే డిప్రెషనేనా?

కాదు, కానీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో బర్నవుట్‌ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. ఒంట్లో సత్తువ అంతా పిండేసినట్టుండటం, పనంటే ఏవగింపో వెటకారమో రావడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావన, ఈ మూడూ దాని లక్షణాలు. సరిగ్గా చూసుకోని పని ఒత్తిడి దీనికి కారణం అని కూడా ఆ సంస్థే రాసింది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. నలుగురి పని ఇద్దరితో చేయిస్తూ, ఏడాదికోసారి యోగా క్లాసు పెట్టించి, 'స్ట్రెస్ మేనేజ్ చేసుకోవడం నేర్చుకోండి' అనే యాజమాన్యాలు మన దగ్గర చాలా ఉన్నాయి. యోగా మంచిదే. రాత్రి డ్యూటీ దిగిన నర్సుని మళ్లీ పొద్దున్నే రమ్మంటే ఆవిడకి కావలసింది ప్రాణాయామం కాదు, ఇంకో నర్సు. డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచమంతటా ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని అదే సంస్థ అంచనా. డ్యూటీ చార్టు వేసేవాళ్లు కూడా చూడాల్సిన లెక్క అది.

తేడా తెలుసుకోవడానికి ఒక మోటు గుర్తు: సెలవు పెట్టి నాలుగు రోజులు ఊరెళ్తే తేలికపడి, తిరుగు బస్సెక్కగానే మళ్లీ మొదలైతే పని దగ్గర వెతకండి. ఊళ్లోనూ, ఇష్టమైన మనుషుల మధ్యా, పండగ రోజునా కూడా ఏదీ రుచించకుండా రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరకి వెళ్లాలి.

డాక్టర్ అంటే ఎక్కడికి? పిచ్చాసుపత్రి అనుకుంటారేమో.

ముందు ఇంట్లోంచే 14416కి ఫోన్ చేయండి. ఇది కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నేరుగా వెళ్లాలంటే గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మిగతా ఓపీల్లాగే చీటీ రాయించుకుని వెళ్లడమే. మందులు రాసేది సైకియాట్రిస్టు. కూర్చోబెట్టి మాట్లాడుతూ చికిత్స చేసేది సైకాలజిస్టు. చాలామందికి రెండూ కావాలి. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం కూడా ఇలాగే నీరసం, దిగులు తెస్తాయి కాబట్టి రక్తపరీక్షలు రాస్తే 'మనసు బాలేదంటే రక్తం తీస్తారేంటి' అనుకోవద్దు.

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆరోగ్య బీమా కంపెనీలు ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. పాలసీ కాగితంలో ఓపీ ఖర్చు వస్తుందో లేదో మాత్రం చూసుకోండి, చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి. ఆత్మహత్యాయత్నం చేసి బయటపడినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే ఈ చట్టం భావిస్తుంది. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి వెళ్లడం ఆపొద్దు.

మా ఆయన డాక్టర్ దగ్గరకి రానంటున్నారు. 'నాకేం పిచ్చా' అంటారు. ఎలా ఒప్పించాలి?

'మీకు డిప్రెషన్' అని మీరు పేరు పెట్టకండి. ఆయన ఒప్పుకునే బాధ ఏదో దాన్ని పట్టుకోండి. మన మగవాళ్లు దిగులుగా ఉందని ఒప్పుకోరు గానీ నిద్ర పట్టడం లేదనీ, తల బరువుగా ఉందనీ, గ్యాసనీ ఒప్పుకుంటారు. 'నిద్ర గురించి ఒకసారి చూపించుకుందాం, నేనూ వస్తాను' అంటే కదిలే అవకాశం ఎక్కువ. వీధి చివర ఉన్న ఫ్యామిలీ డాక్టర్‌తో మొదలుపెట్టినా ఫరవాలేదు. ముందే ఆ డాక్టర్‌కి విషయం చెప్పి ఉంచితే, సైకియాట్రిస్టు దగ్గరికి పంపాల్సిన అవసరం ఉందో లేదో ఆ డాక్టరే చూస్తాడు. అత్తగారినీ అన్నదమ్ముల్నీ చుట్టూ కూర్చోబెట్టి పంచాయితీ మాత్రం పెట్టొద్దు. అలా చేస్తే మీ ఆయన ఇక మీతో కూడా చెప్పడం మానేస్తారు.

వెళ్లేరోజు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకెళ్లండి. ఎప్పటి నుంచి ఇలా ఉంది, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, ఇప్పుడు వాడుతున్న బీపీ, షుగర్ మాత్రలేమిటి. తాగే అలవాటుంటే అదీ దాచకుండా రాయండి, మందులు దాన్ని బట్టే మారతాయి. డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రలు పనిచేయడం కనపడటానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, కాస్త మత్తు ఉండొచ్చు. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు. ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి గానీ, మీ అంతట మీరు ఆపొద్దు. బాగైందనిపించాక కూడా అంతే, ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి.